పీలేరు దారిలో ‘ఏడు తరాలు’: హైదరాబాద్ బుక్ ట్రస్ట్ సింహావలోకనం

నాకు దొరికిన ‘ఏడు తరాలు’కు అట్ట లేదు. వీపు ఊడిపోతే ఎవరో మైదా జిగురు పూసి, పాత క్యాలెండరు కాగితంతో అతికించారు. లోపలి పేజీలో మూడు పేర్లున్నాయి, మూడు రకాల సిరాతో. ఆఖరి పేరు కింద ‘చదివి మళ్లీ ఇచ్చేయవలెను’ అని రాసి ఉంది. ఎవరూ ఇచ్చేసినట్టు లేదు. చేతులు మారుతూ మారుతూ తిరుపతిలో ఒక పాత పుస్తకాల బండి మీదికి, అక్కడి నుంచి నా సంచిలోకి వచ్చింది. పీలేరు బస్సెక్కి తెరిచిన పుస్తకాన్ని ఊరొచ్చేదాకా మూయలేకపోయాను.

పశ్చిమాఫ్రికాలో గాంబియా నది ఒడ్డున జుఫూరే అనే పల్లె. అక్కడి కుర్రవాడు కుంటా కింటే. అడవిలో పట్టుకుని, గొలుసులేసి, ఓడలో సముద్రం దాటించి అమెరికాలో అమ్మేశారు. పేరు మార్చేశారు. నాలుగోసారి పారిపోబోతే పాదం నరికేశారు. బిడ్డకు ఇవ్వడానికి అతని దగ్గర భూమి లేదు, డబ్బు లేదు. ఉన్నవల్లా కొన్ని మాటలు. తీగల వాద్యాన్ని ‘కో’ అంటారనీ, నదిని ‘కాంబీ బొలొంగో’ అంటారనీ కూతురు కిజీకి చెప్పాడు. ఆమె తన కొడుక్కి చెప్పింది. అలా ఆ మాటలు తరాలు దాటి అలెక్స్ హేలీ చెవిన పడ్డాయి. 1976లో ఇంగ్లీషులో వచ్చిన ఆ పుస్తకాన్ని తెలుగు చేసింది సహవాసి. అచ్చు వేసింది హైదరాబాద్ బుక్ ట్రస్ట్. ఆ సంస్థకు ప్రాణం పోసిన మనిషి మా ఉమ్మడి చిత్తూరు జిల్లావాడు.

ఆయన సి.కె. నారాయణరెడ్డి. 1960ల్లో పీలేరు నుంచి శాసనసభకు గెలిచిన కమ్యూనిస్టు. ఆ రోజుల్లో ఎమ్మెల్యేగా పనిచేసిన మనిషి తర్వాతి జీవితమంతా పుస్తకాలు వేయడానికీ, మోయడానికీ, అమ్మడానికీ ఇచ్చేశాడంటే ఇప్పటివాళ్లు నమ్మలేరు. 2013లో ఆయన కన్నుమూశారు. నాలుగు దశాబ్దాలు దాటిన ఆ సంస్థ నడకను ఆయన నేల మీద నిలబడి ఒకసారి వెనుదిరిగి చూడాలనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను.

అంతకు ముందు

వేరే భాషల సాహిత్యం తెలుగువాళ్లకు కొత్త కాదు. బెంగాలీ రచయిత శరత్‌బాబు నవలల్ని చక్రపాణి, బొందలపాటి శివరామకృష్ణ తెలుగులోకి తెచ్చిన తీరుకు, శరత్ తెలుగువాడేననుకున్న పాఠకులు ఒక తరం నిండా ఉన్నారు. ఆ తర్వాత సోవియట్ పుస్తకాల కాలం. ఉప్పల లక్ష్మణరావు వంటివాళ్లు మాస్కోలో కూర్చుని అనువదించిన పుస్తకాలు ఓడలెక్కి వచ్చేవి. గట్టి అట్ట, తెల్లని కాగితం, చేతికందే ధర. విశాలాంధ్ర సంచార పుస్తకశాల ఊళ్లోకొస్తే పిల్లలు వ్యాను వెంట పరిగెత్తేవాళ్లు. గోర్కీ ‘అమ్మ’ క్రొవ్విడి లింగరాజు తెలుగులో ఎన్ని ఇళ్లకు చేరిందో లెక్క లేదు.

మన ఉమ్మడి జిల్లాకు అనువాదంతో ఇంకా పాత చుట్టరికమే ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె బిసెంట్ థియోసాఫికల్ కాలేజీకి వచ్చి కొన్నాళ్లు ఉన్నారు. ప్రిన్సిపల్ జేమ్స్ కజిన్స్ ఐర్లండు కవి. ‘జనగణమన’ను ఠాగూర్ స్వయంగా ఇంగ్లీషు చేసింది అక్కడే. ఈనాడు మనం పాడే బాణీని స్వరబద్ధం చేయడంలో మార్గరెట్ కజిన్స్ చేయి ఉంది. బెంగాలీ కవి, ఐరిష్ దంపతులు, రాయలసీమ ఊరు, ఒక పాట. ఒక భాష ఇంకో భాష ఇంటికి చుట్టపుచూపుగా వచ్చి అక్కడే ఉండిపోవడం మా వైపు కొత్త వింత కాదు. కుప్పంలో తమిళం, కన్నడం, తెలుగు ఒకే సంతలో బేరమాడతాయి. వాయల్పాడు, పీలేరు, మదనపల్లె వీధుల్లో దక్కనీ ఉర్దూ వినిపిస్తుంది. యానాదులు, ఎరుకలవాళ్లు, సుగాలీలు ఎవరి మాట వాళ్లు మాట్లాడుకుంటారు.

కానీ ఆ మాటలన్నీ పుస్తకాల్లోకి రాలేదు. తిరుపతిలో పుస్తకాలకు కొదవ లేదు. దేవస్థానం ప్రచురణలున్నాయి, ప్రాచ్య పరిశోధనా సంస్థ ఉంది, 1954 నుంచి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది. రాగిరేకుల మీద నిద్రపోతున్న అన్నమయ్య కీర్తనల్ని అచ్చుకెక్కించిన ఊరు ఇది. తరిగొండ వెంగమాంబ కావ్యాల్ని కాపాడుకున్న నేల ఇది. ఆ పని గొప్పదే. అయినా కొండ కింద బతికే కూలివాడి కథ, పందులు కాచుకునే ముసలివాడి కథ రాసేవాళ్లకు, అచ్చువేసేవాళ్లకు చాలాకాలం ఎదురుచూడాల్సి వచ్చింది.

1980

ఎమర్జెన్సీ ముగిసింది. జైళ్ల నుంచి, అజ్ఞాతం నుంచి బయటికి వచ్చినవాళ్లు ఇప్పుడేం చేయాలని తమలో తాము ప్రశ్నించుకుంటున్న రోజులవి. 1980లో సి.కె., గీతా రామస్వామి, మరికొందరు మిత్రులు హైదరాబాద్‌లో ఈ ట్రస్టు పెట్టారు. గీత అంతకు ముందు అజ్ఞాతం రోజుల్లో ఘాజియాబాద్ సఫాయి కార్మికుల బస్తీలో పిల్లలకు చదువు చెప్పిన మనిషి. తర్వాతి ఏళ్లలో ఇబ్రహీంపట్నం వ్యవసాయ కూలీల భూపోరాటాల్లో ఏళ్ల తరబడి నడిచారు. ఆ అనుభవాల్నే 2022లో ఇంగ్లీషులో ఆత్మకథగా రాశారు. చిత్తూరు రైతు కుటుంబపు కమ్యూనిస్టు ఒకవైపు, నగరంలో చదువుకున్న యువతి మరోవైపు. వీళ్లిద్దరినీ కలిపింది ఒకే నమ్మకం: పుస్తకం చదివేవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలి, కొనగలిగే ధరలో ఉండాలి, అతనున్న చోటికి వెళ్లాలి.

ఆ నమ్మకం జాబితాలో కనిపిస్తుంది. ‘వైద్యుడు లేని చోట’ను డేవిడ్ వెర్నర్ మొదట మెక్సికో కొండపల్లెల కోసం స్పానిష్‌లో రాశాడు. అక్కడి పల్లెకూ మన తలకోన అంచు పల్లెకూ జ్వరం ఒకటే, డాక్టరు లేకపోవడమూ ఒకటే. బొజ్జా తారకం రాసిన ‘పోలీసులు అరెస్టు చేస్తే’ స్టేషను గడప తొక్కడానికి వణికే మనిషికి తన హక్కేమిటో చెప్పింది. ‘సవాలక్ష సందేహాలు’ ఆడవాళ్లు చెవిలో చెప్పుకునే ఒంటి బాధల్ని పట్టపగలు అచ్చులో మాట్లాడింది. జపాన్ రైతు ఫుకుఓకా పుస్తకం ‘గడ్డిపరకతో విప్లవం’గా వచ్చింది. చెనక్కాయ పంట పోయి, ఎరువుల అప్పు మిగిలిన మా మెట్టరైతుకు ఆ పుస్తకం సొంత చేని మాటే చెప్పింది. పిల్లల్ని కొట్టకుండా చదువు చెప్పొచ్చని ‘రైలుబడి’ చెప్పింది. చరిత్రకారుడు కోశాంబి రాసిన చరిత్ర వచ్చింది. మహాశ్వేతాదేవి ‘ఒక తల్లి’ వచ్చింది.

ఇందులో ఏది సాహిత్యం, ఏది కాదు అని గీత గీసి చూసేవాళ్లకు ఈ జాబితా కలగాపులగంగా తోస్తుంది. నాకు అలా తోచదు. జ్వరం వచ్చినప్పుడు ఏం చేయాలో చెప్పిన పుస్తకాన్ని నమ్మిన ఇంట్లోకి, అదే సంస్థ వేసిన నవల కూడా నమ్మకంగా అడుగుపెడుతుంది. ముందు అక్కరకొచ్చారు, ఆ తర్వాత కథ చెప్పారు. ఈ వరస వాళ్లకు మన పల్లెలు నేర్పిన వరస.

‘ఏడు తరాలు’ అనువాదం గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆరేడు వందల పేజీల ఇంగ్లీషు పుస్తకాన్ని సహవాసి బాగా కుదించారు. మూలంలోని ప్రతి వాక్యమూ ఉండాలనేవాళ్లకు ఇది లోపమే. అయితే పూర్తి అనువాదం వేసి ఉంటే ధర ఎంతయ్యేది, హాస్టల్ కుర్రాడు కొనగలిగేవాడా అని కూడా అడగాలి. సహవాసి తెలుగులో ఎక్కడా పరాయి వాసన రాదు. కుంటా కింటే తల్లి, తండ్రి, నానమ్మ మన పల్లె అరుగు మీద కూర్చున్నట్టే మాట్లాడతారు. ఎన్నో ముద్రణలు పొందిన ఆ పుస్తకం, వెలివాడల నుంచి చదువుకోవడానికి వచ్చిన కుర్రాళ్లకు ఒక ప్రశ్న ఇచ్చింది: మన ఏడు తరాల కథ ఎవరు రాస్తారు?

సొంత గొంతులు

ఆ ప్రశ్నకు జవాబు రాసిన కాలం రక్తసిక్తమైనది. 1985 జూలై 17న కారంచేడులో దళితుల్ని ఊచకోత కోశారు. 1991 ఆగస్టు 6న చుండూరులోనూ అదే జరిగింది. ఆ గాయాల్లోంచి దళిత కవిత్వం వచ్చింది, 1995లో ‘చిక్కనవుతున్న పాట’ సంకలనమైంది. అంతకు ముందే 1993లో ‘నీలిమేఘాలు’ స్త్రీవాద కవిత్వాన్ని ఒకచోట చేర్చింది. ఎవరో తమ గురించి జాలిగా రాయడం చాలు, మా కథ మేమే చెప్పుకుంటామన్న తరం వచ్చేసింది.

హైదరాబాద్ బుక్ ట్రస్ట్ గొప్పతనం ఈ మలుపులో ఉంది. ప్రపంచంలోని అణగారినవాళ్ల కథల్ని తెలుగులోకి తెచ్చిన సంస్థ, ఇంట్లోని అణగారినవాళ్లు నోరు తెరిచినప్పుడు వెనక్కి తగ్గలేదు. కంచ ఐలయ్య ‘నేను హిందువునెట్లయిత?’ వేసింది. విజయభారతి పురాణాల్ని కులం కోణంలో విప్పి చూపిన పుస్తకాలు వేసింది. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో ‘నల్లపొద్దు’ తెచ్చింది. 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసినదాన్ని వెతికి, ఏరి, ఒకచోట చేర్చిన పుస్తకమది. దళిత స్త్రీలకు సాహిత్య చరిత్ర ఎక్కడుందని అడిగినవాళ్ల చేతిలో ఎనభై ఏళ్ల చరిత్ర పెట్టింది.

ఆ శ్యామలే తర్వాత టి.ఎన్. సదాలక్ష్మి జీవితాన్ని ‘నేనే బలాన్ని’ పేరుతో రాశారు. పాకీపని చేసే కులంలో పుట్టి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మంత్రిగా, డిప్యూటీ స్పీకరుగా ఎదిగిన మహిళ ఆమె. దేవాదాయ శాఖ కూడా చూశారు. గుడి గడప దగ్గర ఆపేసిన కులం నుంచి వచ్చిన ఆడమనిషి గుళ్ల శాఖకు మంత్రి. ఈ సంగతి తిరుపతిలో ఎంతమందికి తెలుసు? ఆ పుస్తకం రాకపోతే నాకూ తెలిసేది కాదు. వై.బి. సత్యనారాయణ ‘మా నాయన బాలయ్య’ ఇంకో ఉదాహరణ. రైల్వేలో కూలిపని పట్టుకుని, బిడ్డల్ని చదువు ఒడ్డుకు చేర్చిన మాదిగ కుటుంబం మూడు తరాల కథ. అలెక్స్ హేలీ అడిగించిన ప్రశ్నకు తెలంగాణ పల్లె ఇచ్చిన జవాబు.

2014లో ‘ఒక హిజ్రా ఆత్మకథ’ వచ్చింది. రచయిత్రి ఎ. రేవతి తమిళనాడు బిడ్డ. తెలుగు చేసింది పి. సత్యవతి. ఇంట్లో తన్నులు, వీధిలో ఎగతాళి, స్టేషన్లో అవమానం, అన్నీ దాటి తన పేరును తానే పెట్టుకుని నిలబడిన మనిషి కథ అది. ఈ అనువాదానికి 2019 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద బహుమతి వచ్చింది. బస్సుల్లో, రైళ్లలో మనం ముఖం తిప్పుకున్న మనిషి, పుస్తకంలో మన ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంది. ఈసారి ముఖం తిప్పుకోలేం.

అడవిని జయించిన డాక్టరు

ఈ కథలో చిత్తూరు జిల్లా వాటా సి.కె.తో అయిపోలేదు. తలుపులపల్లెలో 1946లో పుట్టిన డాక్టర్ కేశవరెడ్డి ఉన్నారు. పాండిచ్చేరిలో వైద్యం చదివి, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి ఆసుపత్రిలో కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ జీవితం గడిపారు. ఉద్యోగం తెలంగాణలో, కలం మాత్రం ఎప్పుడూ సొంత జిల్లాలోనే. ‘ఇన్‌క్రెడిబుల్ గాడెస్’, ‘స్మశానం దున్నేరు’, ‘అతడు అడవిని జయించాడు’, ‘రాముడుండాడు రాజ్జెముండాది’, ‘మూగవాని పిల్లనగ్రోవి’, ‘చివరి గుడిసె’. చివరికి 2008లో ‘మునెమ్మ’. పత్రికల్లో వచ్చి మరుగున పడబోయిన ఆయన నవలల్లో ముఖ్యమైనవాటిని హైదరాబాద్ బుక్ ట్రస్ట్ మళ్లీ అచ్చువేసి కొత్త తరానికి అందించింది.

‘అతడు అడవిని జయించాడు’ తీసుకోండి. పందుల్ని కాచుకునే ఒక ముసలివాడు. ఈనడానికి సిద్ధంగా ఉన్న పంది అడవిలో తప్పిపోయింది. దాన్ని వెతుక్కుంటూ బయలుదేరతాడు. ఒక సాయంత్రం, ఒక రాత్రి, ఒక తెల్లవారుజాము. నవలంతా అంతే. సముద్రం మీద ముసలివాణ్ణి రాసిన హెమింగ్వే చాలామందికి గుర్తొస్తాడు. నాకైతే ఆ ముసలివాడి ఒంటరితనమే కళ్ల ముందుంటుంది. ఊరు అసహ్యించుకునే జంతువును అతను బిడ్డలా చూసుకుంటాడు. అడవి అతని తెలివికి లొంగుతుంది, అతని ఆశకు మాత్రం లొంగదు. పందుల కాపరిని పురాణ పురుషుడంత ఎత్తున నిలబెట్టిన నవల తెలుగులో అంతకు ముందు లేదు. ‘చివరి గుడిసె’లో యానాదులు అలాగే నిలబడతారు. 2015లో కేశవరెడ్డి వెళ్లిపోయారు. పుస్తకాలు మిగిలాయి, అచ్చులో మిగిలాయి. రచయిత పోయాక అతని పుస్తకం దొరకడం మన భాషలో మామూలు సంగతి కాదు.

జిల్లా తన వంతు తానూ చేసింది. దామలచెరువు మధురాంతకం రాజారాం కథలకు 1993లో సాహిత్య అకాడమీ గౌరవం దక్కింది. ఆయన పేరిట పెట్టిన సాహిత్య సంస్థ ‘కథావార్షిక’లతో ఏటేటా మంచి కథల్ని ఏర్చి పెట్టింది. దేవదాసీ కుటుంబాల చరిత్రను అల్లిన ‘మనోధర్మపరాగం’కు మధురాంతకం నరేంద్ర 2022లో అదే గౌరవం అందుకున్నారు. రచయిత నామిని తన ఊరు మిట్టూరు మాటను ఉన్నదున్నట్టు కాగితమ్మీద పెట్టి, యాసలో రాస్తే ఎవరు చదువుతారన్న మాటను అబద్ధం చేశారు. స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’తో పక్కనున్న పులికాట్ ఒడ్డు తెలుగును బతికించారు. 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం వచ్చింది. పలమనేరు బాలాజీ ‘ఏకలవ్య కాలనీ’తో ఎరుకల జీవితాన్ని లోపలి నుంచి రాశారు.

లెక్క, బాకీ

ఇప్పుడు తీర్పు చెప్పాలి. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ చేసిన మేలు మూడు మాటల్లో చెప్తాను. ప్రపంచంలోని అణగారినవాళ్లను తెలుగువాళ్లకు చుట్టాల్ని చేసింది. మన ఊరి అణగారినవాళ్లను రచయితల్ని చేసింది. అనువాదాన్ని పాండిత్య ప్రదర్శన కానివ్వకుండా, చదివేవాడి నాలుక మీద పలికే తెలుగుగా నిలిపింది. ఈ మూడూ ఒకే సంస్థ చేయడం అరుదు. భారతీయ భాషల్లో ఇలాంటి చిన్న సంస్థలు కొన్నే ఉన్నాయి. తెలుగులో ఈ వరసలో ముందు చెప్పుకోవాల్సిన పేరు ఇదే.

బాకీ కూడా ఉంది. యానాదుల మీద గొప్ప నవల వచ్చింది, కానీ యానాది రాసిన నవల నాకు తెలిసి ఇంకా మన చేతికి రాలేదు. మదనపల్లె దక్కనీ మాటలో అమ్మలు చెప్పుకునే కథలు నాకు అచ్చులో కనిపించలేదు. సరిహద్దు అవతల తమిళ దళిత రచయితలు ఇంత దగ్గర్లో ఉన్నా, వాళ్లలో చాలామంది మనకు ఇంగ్లీషు మీదుగా చుట్టు తిరిగి రావాల్సి వస్తోంది. చిత్తూరు నుంచి వేలూరుకు బస్సులో వెళ్తే మధ్యాహ్నం భోజనానికి తిరిగి రావచ్చు. పుస్తకం మాత్రం ఢిల్లీ మీదుగా వస్తోంది. ఈ దారిని సరిచేయాల్సింది ఒక్క ప్రచురణకర్తే కాదు. రెండు భాషలూ తల్లిపాలతో వచ్చిన మా సరిహద్దు పిల్లలు అనువాదకులు కావాలి.

ఇలాంటి సంస్థ బతకడం ఎంత కష్టమో లెక్క వేస్తే తెలుస్తుంది. తెలుగు పుస్తకం చాలావరకు వెయ్యి ప్రతులే వేస్తారు. అనువాదకులకు, సంపాదకులకు, డీటీపీకి, ప్రూఫులకు, కాగితానికి, అచ్చుకు డబ్బు ముందే పోతుంది. అమ్మేవాళ్ల కమిషన్ పోను మిగిలింది నెలల తర్వాత చిల్లరగా వస్తుంది. ఆ చిల్లరతో ఇంకో పుస్తకం. నలభై ఏళ్లకు పైగా ఈ పని చేసినవాళ్లకు మనం ఇవ్వగలిగింది పొగడ్త కాదు, కొనుగోలు.

చివరగా ఒక విన్నపం. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంటుంది. అది మన డబ్బు. పీలేరులోనో, పుత్తూరులోనో, మీ ఊళ్లోనో ఉన్న శాఖా గ్రంథాలయానికి ఈ వారం ఒకసారి వెళ్లండి. ‘నల్లపొద్దు’ ఉందా, ‘చివరి గుడిసె’ ఉందా, ‘ఒక హిజ్రా ఆత్మకథ’ ఉందా అని అడగండి. లేకపోతే తెప్పించమని కాగితమ్మీద రాసివ్వండి. ఆ అట్ట లేని ‘ఏడు తరాలు’లో నాలుగో పేరు నేను రాశాను. అయిదో పేరు రాయడానికి మా వీధిలో ఇంటర్ చదివే అమ్మాయి తీసుకుపోయింది. చదివి మళ్లీ ఇవ్వనక్కర్లేదని, ఇంకొకరికి ఇవ్వమని చెప్పాను.